లినక్సు యంత్రమున వ్యాపారపు లెక్కలు

వైనతేయము సాగరమున సంగమించు ఓడలరేవు పరిసరములలో కొబ్బరికాయలు దింపించి యెగుమతి చేయు వర్తకులును, రొయ్యల చెరువులకు మేత అరువిచ్చు దుకాణదారులును తమ జమాఖర్చులను కంప్యూటరులో వ్రాసికొనుట నేడు సామాన్యమైనది. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు నిలిచిపోయినందున, పాత యంత్రమును పారవేయక అందు లినక్సు నెక్కించుకొనదలచువారికి ముందుగా కలుగు సందేహము టాలీ అను లెక్కల సాఫ్ట్‌వేరును గూర్చియే. అది విండోస్ కొరకు నిర్మితమైనది. వైన్ అను సాధనముతో లినక్సుపై నడపజూచువారు కలరు గాని, యేడాది లెక్కలన్నియు దానిపై మోపుట నాకు సమ్మతము కాదు.

దానికి బదులుగా లినక్సుపై వాడదగిన లెక్కల సాఫ్ట్‌వేరు, 1998లో వెలువడిన గ్నూక్యాష్, ఉచితము. ప్రతి వ్యవహారమును రెండు ఖాతాలలో నమోదు చేయు జంటపద్దు విధానము దానిది. రైతు బాకీ, దింపుకూలి, లారీ కిరాయి వేరువేరుగా నిలుపవచ్చును. భారతీయ జీఎస్టీ రిటర్నులను మాత్ర మది సిద్ధపరుపదు. అయితే తాజా కొబ్బరికాయలకును, రొయ్యల మేతకును ఆ పన్ను లేదు గనుక, అవి మాత్రమే అమ్మువారికి గ్నూక్యాష్ చాలును. పీచు పరిశ్రమ వంటి పన్ను గల వ్యాపారములవారికి, ముంబయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ అను సాఫ్ట్‌వేరు మేలు. కాని దానిని స్థాపించుటకు తెలిసినవారి సాయము వలయును.

మార్పునకు, క్రొత్త లెక్కల సంవత్సరము మొదలగు ఏప్రిల్ 1 అనుకూలము: ముగింపు నిల్వలనే ప్రారంభ నిల్వలుగా నెక్కింపవచ్చును. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుండి 72 నెలలు భద్రపరుపవలెను గాన, పాత టాలీ సమాచారమును చెరిపివేయకుడు.