చౌక అంగడి – ఊరి బ్రదుకు
(రాయలసీమ వర్తకులును, కొనుగోలుదారులును కూడిన సభయందు మేము చేసిన ఉపన్యాసపాఠము)

 

కర్నూలు, కడప పట్టణములందు పెద్ద రాయితీ అంగళ్లు వెలసినవి. పప్పు మొదలు ప్లాస్టిక్కు బిందెల వరకు సమస్తమును ఒకే కప్పుక్రింద, అచ్చువేసిన ధరకంటె తక్కువకు అమ్ముచున్నారు. చుట్టుపట్ల పల్లెలనుండి జనులు బస్సులెక్కి వచ్చి సంచులు నింపుకొని పోవుచున్నారు. వీరిని నిందించుటకు మేమిచ్చటికి రాలేదు. ఏడాదికి ఆరేడువందల మిల్లీమీటర్ల వానను నమ్ముకొని బ్రదుకు ఈ సీమలో, నూనె డబ్బామీద మిగిలిన పదిరూపాయలు స్వల్పము కాదు. చౌకను కోరుట దోషము కాదు. అయితే 'కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ' అను సామెత పుట్టిన దేశమిది. గుమ్మడికాయ యెవరి పాదునుండి వచ్చుచున్నదో విచారించుట మన విధి.

ఈ చౌకకు కారణములు రెండు. మొదటిది నేర్పు. పెద్ద అంగడి వేలబస్తాలు ఒక్కమారుగా కొనును; నడుమనుండు చేతులను తగ్గించును; సరుకును నిలువయుంచక త్వరగా అమ్ముకొనును. ఇది న్యాయమైన లాభము. మన వర్తకులు నేర్వదగినది. రెండవది బలము. సబ్బును, నూనెను చేయు కంపెనీ పెద్ద కొనుగోలుదారునకు ఇచ్చు ధరను, పల్లె అంగళ్లకు సరుకు చేర్చు పంపిణీదారునకు ఇయ్యదు. వినియోగవస్తు పంపిణీదారుల అఖిలభారత సమాఖ్య ఈ భేదమునే చూపి, 2022 జనవరి 1 నుండి సహాయనిరాకరణ చేయుదుమని కంపెనీలను హెచ్చరించెను. నేర్పునకు ఓడిన వర్తకునిపై మాకు జాలి లేదు. బలమునకు ఓడిన వర్తకుని పక్షమున మాటాడక మానము.

ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. గొలుసు అంగళ్ల బలమునకు వెరచి, అమెరికా దేశము 1936లోనే రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టము చేసి, ఒకే సరుకును పోటీ వర్తకులకు వేరువేరు ధరల కమ్ముటపై కట్టుబాటు విధించెను. తరువాతి దశాబ్దములలో దాని అమలు సడలినది. ఆ దేశపు అయోవా రాష్ట్రమున ఆచార్య కెన్నెత్ స్టోన్ చేసిన పరిశీలనలందు, వాల్‌మార్టు వెలసిన పట్టణమునకు కొంత బేరము పెరిగినను, చుట్టునున్న చిన్న ఊళ్ల బేరము క్షీణించినట్లు తేలినది. ఈ మాట మనము మనసున పట్టవలెను. కర్నూలులో వెలసిన అంగడివలని నష్టము కర్నూలులో కనబడకపోవచ్చును. కోడుమూరులోను, గూడూరులోను కనబడును. కడప అంగడి దెబ్బ కమలాపురమున తగులును.

ఇక అరువు సంగతి. మెట్టసేద్యగానికి నెలజీతము లేదు. వేరుసెనగయో, ప్రత్తియో, సెనగయో చేతికి వచ్చిననాడే రొక్కము. కోసిగి, మంత్రాలయము ప్రాంతముల కూలివారు గుంటూరు మిరపచేలకు వలసపోయి తిరిగివచ్చువరకు ఇంట ముసలివారికి బియ్యము, ఉప్పు నడుపునది ఊరి అంగడి పద్దుపుస్తకమే. ఆ అంగడి ధర కొంత హెచ్చుగానుండుటకు ఆ అరువు ఒక కారణము. పెద్ద అంగడిలో ఊరివాని పేర పద్దు లేదు. అచ్చట రొక్కము గలవానికే చౌక. పంట పండిన ఏట అందరును పట్టణమునకు పోయి, వాన తప్పిన ఏట ఊరి అంగడిని తలచుకొన్నచో, అది అప్పటివరకు బ్రదికియుండునా? తలుపు మూసినపిదప మిగులువాడు వడ్డీవ్యాపారియే.

పెద్దది గనుక నిలుచునన్న ధీమాయు తగదు. 1997లో చెన్నపట్టణమున ఆరంభమైన సుభిక్ష అను రాయితీ అంగళ్ల వరుస దేశమంతట సుమారు 1,600 శాఖలకు విస్తరించి, 2009లో మూతపడెను. ఆనాడు జనులకు ఇబ్బంది అంతగా తెలియకపోవుటకు కారణము చుట్టును చిన్న అంగళ్లు బ్రదికియుండుటయే.

రైతునకు లాభమందురు. 2012లో బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకమున 51 శాతము విదేశీ పెట్టుబడిని కేంద్రప్రభుత్వ మనుమతించినపుడు, ముఖ్యముగా చెప్పిన మాట ఇదియే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును సమ్మతించెను. నేడు మన పట్టణములందలి పెద్ద అంగళ్లు చాలవరకు స్వదేశీ మూలధనమువే. అయినను 2025లో కర్నూలు ఉల్లి ధర కూలినపుడు రైతు చేయి చాచినది గొలుసు అంగళ్లవైపు కాదు. క్వింటాలు 1,200 రూపాయలకు కొందుమని ప్రభుత్వమే ముందుకు రావలసివచ్చెను. ఏరిన కాయను కొనువాడు పంటను కొనువాడు కాడు.

స్వదేశి యనగా దేశీయుని లాభము మాత్రమే కాదు. 1916లో మదరాసున మహాత్ముడు స్వదేశీ ధర్మమును వివరించుచు, దగ్గరి పొరుగువారి సేవయే దాని సారమని బోధించెను. ఆ కొలతతో చూచినచో, పొరుగువాని అంగడి కూలి బొంబాయి మూలధనము పెరుగుటయు స్వదేశి యనిపించుకొనదు.

కాని కన్నీటితో అంగడి నడువదు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేతవారి సహకారసంఘమును నెలకొల్పిరి. మరముల పోటీకి విడివిడిగా నిలువలేని మగ్గములు కూడి నిలిచెను. ఆ బుద్ధి వర్తకులకేల రాకూడదు? ఒక ఊరి యిరువది అంగళ్లు కూడి పప్పును, నూనెను ఒక్కమారుగా కొనినచో, నేర్పువలని చౌక వారికిని దక్కును. ధరల పట్టిక గోడకు కట్టవలెను. తూకమున మోసము, కల్తీ, అరువుపేర అధిక వడ్డీ – ఇవి మానక ఊరి అభిమానము కోరు వర్తకుడు పెద్ద అంగడికి తానే దారి చూపుచున్నాడు.

ప్రభుత్వమును మేము కోరునవి రెండు. ఒకే మోతాదు సరుకును కూడి కొను చిన్నవర్తకులకు పెద్ద అంగడికిచ్చు ధరకే కంపెనీలు ఈయవలెనని చట్టము కావలెను. వీథివర్తకుల రక్షణకై 2014లో చేసిన చట్టము మన పురపాలకములందు కాగితముమీదనుండి వీథిలోనికి రావలెను.

కొనుగోలుదారులారా! సబ్బును చౌకయైనచోట కొనుడు, మేము వలదనము. కాని ఉల్లి, టమాట, కాయగూరలను 1999 జనవరి 26న ఆరంభమైన రైతుబజారులందో, ఊరి సంతలోనో కొనుడు. అరువిచ్చి ఆదుకొన్న అంగడికి రొక్కము చేతనున్న నెలలో బేరమిండు. కరవునాడు తలుపు తట్టదగిన అంగడి ఊరిలో నుండవలెనన్నచో, పంటనాడు దాని గడప త్రొక్కవలెను.