అతిథిగా వెళ్ళి రావడం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. పెన్షన్ అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, మనం చేసిన సేవకు మనకు దక్కే హక్కని 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాని గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం, "మీ మనవరాలి విదేశయాత్ర గురించి చెప్పండి, ఇంట్లో పిల్లలున్న వాళ్ళకు పనికొస్తుంది" అన్నారు. పది నిమిషాలే ఇచ్చారు. రెవెన్యూ శాఖలో గుమస్తాగా చేరి డిప్యూటీ తాసిల్దారుగా దిగినవాణ్ణి. ఫైలు సాగదీయడం అలవాటే గాని, ఇవాళ ప్రయత్నిస్తాను.

మాది కతోలిక కుటుంబం. మా మతంలో ప్రపంచ యువజన దినోత్సవం అని ఒకటుంది. రెండవ జాన్ పాల్ పోపుగారు దీన్ని మొదలుపెట్టారు. 1986లో రోము నగరంలో తొలిసారి జరిగింది. అప్పటినుంచి రెండు మూడేళ్ళకోసారి ఒక్కో దేశంలో జరుపుతున్నారు. 1995లో మనీలాలో ముగింపు పూజకు నలభై లక్షలకు పైగా జనం వచ్చారని అంచనా. 2023 ఆగస్టు మొదటి వారంలో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో జరిగింది. 2025 ఏప్రిల్‌లో కాలం చేసిన ఫ్రాన్సిస్ పోపుగారు దానికి వచ్చారు. చివరిరోజు దాదాపు పదిహేను లక్షల మంది చేరారు.

పేరు దినోత్సవమే గాని, వెళ్ళేవారికి అది రెండు వారాల యాత్ర. ముఖ్య సభలకు ముందు వారం యువతీ యువకులు ఆ దేశంలోని ఊళ్ళకు విడిపోయి, అక్కడి కుటుంబాల ఇళ్ళలో ఉంటారు. వాళ్ళు తిన్నది తింటారు, వాళ్ళతో కలిసి ప్రార్థిస్తారు, వాళ్ళ ఊరు చూస్తారు. 1997లో పారిస్ సభలప్పుడు ఈ పద్ధతి వచ్చింది. నేను చెప్పదలచుకున్నది ఆ వారం గురించే.

మా మనవరాలికి అప్పుడు ఇరవైమూడేళ్ళు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. మా విచారణ నుంచి కొందరు వెళ్తున్నారని, తానూ వెళ్తానని అంది. మొట్టమొదట వద్దన్నది నేనే. దేశం కాని దేశం, ఎవరో తెలియని వాళ్ళ ఇల్లు, ఆడపిల్ల. పైగా ఖర్చు లక్షా అరవై వేలు తేలింది. "దేవుడు గుంటూరులో లేడా?" అన్నాను. మా ఆవిడ అప్పటిదాకా ఊరుకుని, "మీకు ఇరవైరెండేళ్ళప్పుడు శ్రీకాకుళంలో ఉద్యోగమొస్తే మీ అమ్మగారు ఏడ్చారు. ఏడ్చారు గాని, ఆపారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. సగం డబ్బు పిల్ల తన జీతంలో దాచుకుంది. మిగిలిన దాంట్లో అల్లుడుగారు కొంత, నేను కొంత వేశాం. నా చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి గడువుకు ముందే తీశాను.

పోర్చుగల్ ఉత్తరాన బ్రాగా ప్రాంతంలోని ఒక పల్లెలో మా పిల్లనూ, నెల్లూరు నుంచి వచ్చిన ఇంకో అమ్మాయినీ ఒక ఇంట్లో పెట్టారు. ఆ ఇంట్లో ఉండేది ఒక్కరే, డెబ్బైనాలుగేళ్ళ ముసలమ్మ. భర్త పోయాడు, పిల్లలు ఫ్రాన్సులో స్థిరపడ్డారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. మావాళ్ళకు పోర్చుగీసు రాదు. సెల్‌ఫోనులో ఒక మాట చెబితే అది అనువాదం చేసి పలికేదట. అది తప్పులు పలికినప్పుడు ముగ్గురూ నవ్వుకునేవారట.

అయితే ఫోను అవసరం లేని మాటలు కొన్ని దొరికాయి. స్నానానికి వెళ్తుంటే ఆవిడ "తువాల్యా" అని తువాలు అందించింది. బట్టలు పెట్టుకోమని చూపించింది "అర్మారియు", మన అలమార. నీళ్ళు పట్టేది "బాల్దె", మన బాల్చీ. మనం ఇంట్లో పుట్టిన మాటలనుకునేవి ఆ ఊరినుంచి ఓడలెక్కి వచ్చినవే. మేస్త్రి, అనాస, పాదిరి కూడా అంతే. అంతెందుకు, అమెరికా ఖండంలో పుట్టిన మిరపకాయను పదహారో శతాబ్దంలో మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్ళే. ఆ మిరపకాయతో బతికే గుంటూరు నుంచి మా పిల్ల కందిపొడి, గోంగూర పచ్చడి పట్టుకుపోయింది. ముసలమ్మ ఒక వేలితో రుచి చూసి, రెండు గ్లాసుల నీళ్ళు తాగిందట. ఆవిడ ఆకుకూర చారు, మొక్కజొన్న రొట్టె, ఉప్పుచేప పెట్టింది. ఉప్పుచేప చూసి నెల్లూరు అమ్మాయి ప్రాణం లేచొచ్చిందట.

మూడోరోజు రాత్రి రెండు గంటలకు మా ఇంట్లో ఫోను మోగింది. గుండె ఆగినంత పనైంది. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. "తాతయ్యా, 1961లో గోవాలో ఏం జరిగింది?" అని అడిగింది. "దీనికోసం నిద్ర లేపావా తల్లీ?" అన్నాను. అప్పుడు చెప్పింది. భోజనాల దగ్గర ఆ ముసలమ్మ, "మా దేశం గురించి మీ బడిలో ఏం చెబుతారు?" అని అడిగిందట. వాస్కోడగామా, గోవా అని వీళ్ళు చెప్పారట. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన అన్న ఇరవైఒక్కేళ్ళ వయసులో సైన్యంలో గోవాకు వెళ్ళాడని, భారత సైన్యానికి చిక్కి ఖైదీగా ఉన్నాడని, తిరిగొచ్చాక చచ్చేదాకా ఆ సంగతి ఎత్తలేదని చెప్పింది. "మీవాళ్ళు వాణ్ణి కొట్టారా?" అని అడిగింది. అప్పటికి ఆవిడకు పన్నెండేళ్ళు. అరవై ఏళ్ళుగా ఆ ప్రశ్న ఆవిడ దగ్గరే ఉండిపోయింది. అడగడానికి ఆ ఇంటికి ఒక భారతీయురాలు వచ్చింది ఆ రోజే.

మిత్రులారా, 1961 డిసెంబరులో నేను పదహారేళ్ళ కుర్రాణ్ణి. గోవా మనకు వచ్చిందని మా బడిలో మిఠాయి పంచారు. నేను రెండుసార్లు వరసలో నిలబడి తిన్నాను. నాకు తెలిసింది అంతే. "రేపు చెబుతాను" అని ఫోను పెట్టి, తెల్లవారి గ్రంథాలయానికి వెళ్ళాను. రిటైరైన తర్వాత అంత శ్రద్ధగా చదివింది ఆ రోజే.

గోవా 1510 నుంచి పోర్చుగీసువారి చేతిలో ఉంది. మన సైన్యం డిసెంబరు 17 అర్ధరాత్రి దాటాక కదిలింది. 19న వాళ్ళు లొంగిపోయారు. వాళ్ళ నియంత సలాజార్, లొంగవద్దు, చివరిదాకా పోరాడి చావండి అని ఆజ్ఞ పంపాడు. అక్కడి గవర్నర్ జనరల్ వస్సాలో ఎ సిల్వా ఆ మాట వినలేదు. ఊరికే చావనివ్వకుండా తనవాళ్ళను కాపాడాడు. ఖైదీలైన మూడు వేల పైచిలుకు సైనికులను మన శిబిరాల్లో ఉంచి, 1962 మే నెలలో స్వదేశానికి పంపారు. సలాజార్ ఆ గవర్నరును సైన్యం నుంచి వెళ్ళగొట్టాడు. తిరిగొచ్చినవాళ్ళను పిరికివాళ్ళుగా చూశారు. 1974లో అక్కడ నియంతృత్వం కూలిన తర్వాతగాని ఆ గవర్నరుకు గౌరవం తిరిగి దక్కలేదు.

ఆ రాత్రి మనవరాలికి నేను చెప్పింది ఇది. "గోవా మన గడ్డ. మనకు రావలసిందే. ఆ మాట దాచకు. మీ అన్నగారిని ఎవరెలా చూశారో మా తాతయ్యకు తెలియదని చెప్పు, తెలియనిది కల్పించకు. కాని లొంగిపోవడం ఆయన పిరికితనం కాదు, అది ఆయన పై అధికారి తీసుకున్న నిర్ణయం, దానివల్లే ఆయన బతికి ఇంటికొచ్చాడని చెప్పు. ఆ రోజు మా తాతయ్య మిఠాయి తిన్నాడు, అవతలివైపు ఒక చెల్లెలు ఏడుస్తున్నదని ఆయనకు తెలియదు, ఇప్పుడు తెలిసింది అని కూడా చెప్పు."

చెప్పిందట. ఆవిడ ఏమీ అనలేదు. లేచి అలమార తెరిచి, సైనిక దుస్తుల్లో ఉన్న కుర్రవాడి ఫోటో తీసి, తుడిచి, భోజనాల బల్ల మీద పెట్టింది. వీళ్ళు బయలుదేరేదాకా అది అక్కడే ఉంది. మర్నాడు ఆదివారం పూజకు వీళ్ళిద్దరినీ చెరో పక్కన నడిపించుకుని వెళ్ళింది. పూజ అంతా పోర్చుగీసులోనే. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో తమకు తెలుసని మా పిల్ల అంది. మతం వల్ల కలిగిన మేలు నాకు అక్కడ కనిపించింది. తలుపు తట్టడానికి అది ఒక కారణమిచ్చింది. తలుపు తీశాక లోపల జరిగింది మాత్రం మనుషుల మధ్య సంగతి.

తర్వాత లిస్బన్. ఒక బడి గదిలో నేల మీద పడక. చివరి రాత్రి నది ఒడ్డున, ఒకప్పుడు చెత్త పోసిన స్థలాన్ని బాగుచేసిన మైదానంలో, ఆకాశం కింద లక్షల మందితో జాగారం. ఎదురుగా వాస్కోడగామా పేరు పెట్టిన పొడుగాటి వంతెన. అవన్నీ ఫోటోల్లో చూపించింది. కాని ఇంటికొచ్చి పెట్టె తెరిచినప్పుడు మొదట తీసింది ముసలమ్మ అంచు కుట్టి ఇచ్చిన తువాలు. మా ఆవిడకు పంపింది.

మన పెద్దలు "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అనేవారు. తిరిగొస్తాడన్న ఆశ లేని రోజులవి. ఇప్పుడు పిల్లలు తిరిగొస్తారు. ఎలా తిరిగొస్తారన్నదే చూసుకోవాలి. మీ పిల్లలు ఏ మతం తరఫున, ఏ యాత్రకు వెళ్తామన్నా నాలుగు సంగతులు అడగండి. ఎవరి ఇంట్లో ఉంటారు, ఆ ఇంటివారిని నిర్వాహకులు ముందుగా చూశారా? వెంట బాధ్యతగల పెద్ద ఎవరు? యూరపు వీసాకు ముప్పై వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి, అది తీసుకున్నారా? చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఆ దేశానికీ మనకూ మధ్య పూర్వం ఏం జరిగిందో పిల్లలకు చెప్పి పంపుతున్నారా? మేం చెప్పలేదు. అర్ధరాత్రి ఫోనులో చెప్పవలసి వచ్చింది.

ఇంకొక్క మాటతో ముగిస్తాను. పోయిన ఏడాది ఒడిశా నుంచి కొందరు యువకులు మా ఊరి సభలకు వచ్చారు. పూర్వమైతే ఐదువందలు చందా రాసి, లాడ్జీలో పెట్టమనేవాణ్ణి. ఈసారి మనవరాలు ఫోను చేసి, "తాతయ్యా, పైగది ఖాళీగానే ఉందిగా" అంది. ఇద్దరు కుర్రాళ్ళు మూడు రోజులు మా ఇంట్లో ఉన్నారు. తెలుగు రాదు. మా ఆవిడ మొదటిరోజు వాళ్ళకు ఇచ్చింది ఏమిటో తెలుసా? ఆ తువాలే.

మనలో చాలామంది ఇళ్ళల్లో గదులు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు దూరాన ఉన్నారు. వాళ్ళకు అక్కడ ఎవరో తలుపు తీయాలని మనం కోరుకుంటాం. మన తలుపు కూడా తీసి ఉంచుదాం.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.