పాదయాత్రికుని పక్కచుట్ట



ఆషాఢ శుద్ధ విదియనాడు పూరీలో జరుగు జగన్నాథస్వామివారి రథోత్సవమునకు మా పాతపట్నము వైపునుండి కాలినడకను పోవుట పూర్వము సర్వసాధారణము. నేటికిని అక్కడక్కడ పోవువారు కలరు. నేను రెండు పర్యాయములు పూరీకి నడచిన వాడనగుటచే, అట్లు పోదలచినవారు నా యొద్దకు వచ్చి వెంట ఏమేమి కొనిపోవలెనని అడుగుచుందురు. బియ్యము సంగతి అడుగుదురు, చెప్పుల సంగతి అడుగుదురు, మందుల సంగతి అడుగుదురు. పడక సంగతి మాత్రము ఒక్కరును అడుగరు. “దారి పొడుగున సత్రములున్నవి గదా” అని ఊరకుందురు. వారడుగని ఆ సంగతినే నేడు మీతో చెప్పదలచితిని.

వ్యావహారికభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పర్లాకిమిడి మా యూరికి కొలది దూరముననే యున్నది. ఆ గాలి పీల్చినవాడను ఇట్లు గ్రాంథికమున మాటలాడుచున్నందుకు మన్నింపుడు. మా గురువులు చిన్ననాట అలవాటు చేసిన నోరు అఱువది దాటిన పిదప వంగుట లేదు.

నేను మొదటిసారి నడచినది 1984వ సంవత్సరము పుష్యమాసములో. అప్పటికి నాకు ఇరువదియాఱేండ్లు. బడిపంతులుగా క్రొత్తగా చేరియుంటిని. మా యూరినుండి టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురము, బరంపురము, రంభ, ఆపైని చిలకసరస్సు ప్రక్కగా ఖుర్దా మీదుగా పూరీ. మొత్తము మూడువందల కిలోమీటరులకు మించును. చేసంచిలో రెండు పంచెలు, ఒక తుండుగుడ్డ, ఒక చెంబు, ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర పెట్టుకొని బయలుదేరితిని. ఆ మహనీయుడు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, తిరుగుదారిలో జగన్నాథము సేవించుకొని, మన గంజాము, శ్రీకాకుళము సీమలమీదుగానే 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆయన పోయిన దారిలో ఆయన గ్రంథము చదువుకొనుచు పోవలెనని నా సరదా. ఆయన వెంట డేరాలును, బోయీలును, పెద్ద పరివారమును ఉండిరను మాట చదివితినే గాని దాని తాత్పర్యము నాకు తట్టలేదు. పుస్తకము మోసితిని, దుప్పటి మోయలేదు.

ఇచ్ఛాపురము దాటి బరంపురమునకు ఈవలనున్న యొక పల్లెలో చీకటి పడినది. అచ్చట ఒక పాత సత్రము. మూడువైపుల గోడలు, నాలుగవవైపు గాలి. సముద్రపు చలి మీలో ఎఱిగినవారు ఎఱుగుదురు. తడితో కూడిన చలి యది, ఎముకలోనికి దిగును. పంచె రెండు మడతలు చేసి కప్పుకొని ముడుచుకొని పరుండితిని. కొంతసేపటికి, సత్రము ఊడ్చు ముసలమ్మ వెనుకగదిలోనుండి దీపము పట్టుకొనివచ్చి నన్ను చూచి, మాటలాడక మరల లోనికిపోయి ఒక బొంత తెచ్చి నాపై కప్పినది. వలదంటిని. ఆమె అన్నమాట ఆమె పలుకుబడిలోనే చెప్పెదను. “తొంగో బాబూ. నాకేటి సలి? ముసిల్దాన్ని, నిద్దరెక్కడొస్తాది.” నేను ఇంకొకసారి వలదనవలసినది. అనలేదు. హాయిగా నిద్రపట్టినది.

తెల్లవాఱుజామున మెలకువ వచ్చి, బొంత మడిచి యిచ్చివేయుటకు వెనుకగదివైపు పోయితిని. ఆమె పొయ్యి ముందు కొబ్బరి డొక్కలు మంట వేసికొని కూర్చుండియున్నది. ఒడిలో మూడు నాలుగేండ్ల మనుమడు, వాని మీద ఆమె చీరచెఱగు. గదిలో వేఱొక కప్పుకొను గుడ్డ కానరాలేదు. ఆ యింటికున్న బొంత అదియొక్కటే. రెండు రూపాయలు చేతిలో పెట్టితిని; పుచ్చుకొన్నది. ఏమియు అనలేదు. మిగిలిన దారి పొడుగున నేను జగన్నాథుని కంటె ఆ పిల్లవానినే ఎక్కువగా తలచితిని.

సత్రమనగా కప్పుమాత్రమే. ధర్మాత్ములు గోడలు కట్టింతురు, నూయి త్రవ్వింతురు, కొన్నిచోట్ల అన్నము పెట్టింతురు. పక్కబట్టలు మాత్రము ఎవరో యొకరి ఒంటిమీదినుండి రావలసినదే. ఆ యొకరు తఱచుగా మనకంటె బీదవారు.

తన పక్కయు, తన బట్టయు, తన కమండలువును తనకు శుద్ధములు, ఇతరులకు కావు అని స్మృతికారులు చెప్పిరి. ఈ మాటను అడ్డము పెట్టుకొని మనవారు సాటిమనుష్యులను ఎడముగా నుంచిన పాపము ఇంత అంత కాదు; దానిని నేను సమర్థింపను. కాని యాత్రికుని విషయమున ఆ మాటకు ఒక చక్కని యర్థమున్నది: ఎవరి పక్క వారు మోసికొనుడని. పూర్వము పూరీ యాత్రలో కలరా ఎట్లు చెలరేగెడిదో పెద్దల నోట వినియుందురు. ఆ వ్యాధి ముఖ్యముగా నీటివలన వచ్చునదే. కాని ఒకే గదిలో ఊపిరాడకుండ జనమును కుక్కుట ఆ యనర్థమును పెంచెడిది. కావుననే 1871లో పూరీలోని బసయిండ్లకు అనుమతిపత్రముండవలెననియు, గదిలో ఇంతమందికి మించరాదనియు చట్టము చేసిరి. నేడు కలరా భయము పూర్వమంత లేదు గాని గజ్జియు, నల్లులును చట్టమునకు లొంగునవి కావు.

రైలు పూరీకి 1897లో వచ్చినది. మా నౌపడా–పర్లాకిమిడి చిన్నరైలు 1900లో వచ్చినది. నాటినుండి నడకతోబాటు మోతను గూర్చిన తెలివియు తగ్గినది. నడచువాడు మోయలేని పరుపును రైలు మోయును గదా! చుట్టలు చుట్టలుగా పరుపులు, దిండ్లు, జమఖానాలు బయలుదేరినవి.

ఉద్యోగవిరమణానంతరము 2019లో రెండవసారి బయలుదేరితిమి. జ్యేష్ఠపూర్ణిమనాడు స్వామికి స్నానోత్సవము. ఆ మఱునాడు మా నీలమణిదుర్గమ్మవారికి మ్రొక్కి మువ్వురము అడుగు వేసితిమి. ఈసారి నా పక్కచుట్టను నెలదినములు ముందుగనే సిద్ధపఱచుకొంటిని. అందేమి యున్నదో చెప్పెదను.

అడుగున ఒక మైనపుగుడ్డ. దానిపై చాప. ఈతచాప నాకు ప్రాణమే గాని ఆషాఢపు వానకు తడిసినచో రెండు దినములు ఆఱదు, బరువు రెట్టింపగును. ప్లాస్టికు చాప నా కంటికి గిట్టదు. అయినను విదిలించిన తోడనే ఆఱిపోవును గనుక దానినే కొంటిని. చాపపై బొంత. మా యింటివారు రెండు పాత నేతచీరలు చేర్చి పలుచగా కుట్టిరి. క్రొత్తబట్టతో బొంత కుట్టరాదని ఆమె మతము. ఉతికి ఉతికి మెత్తబడిన చీరయే ఒంటికి అతుకుననును. సత్యమే. తరువాత ఒక దుప్పటి. దీనిని నిలువుగా మడిచి, అడుగునను ప్రక్కనను కుట్టి, సంచివలె చేయించితిని. అందు దూఱి పరుండినచో సత్రపు నేలలోనుండి గాని, మంచపు సందులలోనుండి గాని వచ్చు నల్లి సులభముగా లోనికి రాలేదు. తలగడ మోయ నక్కఱలేదు. గలీబు ఒకటి చాలును. దానిలో మాఱుపంచె దోపినచో అదియే తలగడ. ఇక దోమతెర. మలేరియాను దోమయే మోయుచున్నదని తెలియుటకు మూలమైన పరిశోధనను రొనాల్డు రాసు దొర 1897లో మన సికిందరాబాదులోనే చేసెను. మన్యపు గాలి తగులు మా యూరివాడు దోమతెర లేక పరుండుట నేను సహింపజాలను. అన్నియు చుట్టి కొబ్బరితాట కట్టి తూచగా మూడున్నర కిలోలు. పాతలెక్కలో రెండున్నర వీశెలు.

చుట్టుటయందు ఒక్క మెలకువ కలదు. మైనపుగుడ్డ బయటికి, దుప్పటి లోపలికి వచ్చునట్లు చుట్టవలెను. సత్రము చేరగనే చుట్టను మంచముపై పడవేయరాదు, మేకునకు తగిలింపవలెను. ముందు దీపముతో గోడమూలలు, మంచపుకోళ్ల సందులు చూడవలెను. నల్లని చుక్కలు కనబడినచో ఆ మంచమును విడిచి అరుగుమీదికి పొండు. మధ్యాహ్నము ఆగినచోట అన్నియు విప్పి ఎండలో వేడెక్కిన రాతిపై పఱచి, ఒక్కసారి తిరుగవేయుడు. ఏబది డిగ్రీల వేడి తగిలిన నల్లి బ్రతుకదు. మడతలో దాగినది మాత్రము మరల మీతోనే పూరీకి వచ్చును. వేపాకు వేయువారు వేయవచ్చును. నేనును వేసితిని, మా అమ్మ వేసెడిది గనుక. పని చేయునది మాత్రము ఎండయే.

మా మువ్వురిలో ఒకరు వర్తకులు. వారు నా మాట వినక జమఖానాయు, బూరుగుదూది తలగడలు రెండును తెచ్చిరి. టెక్కలి చేరునప్పటికి భుజము వాచినది. పలాసలో జమఖానాను ఒక తలగడతోకూడ బస్సులో ఇంటికి పంపివైచిరి. రెండవ తలగడను మాత్రము ఎంత చెప్పినను విడువలేదు. అది పూరీదాక వచ్చినది. వానలో తడిసి పిల్లంత బరువైనది.

పలాస దాటగానే ఉద్దానము. ఆ సీమను మీరెఱుగుదురు, కొబ్బరితోటలు, జీడిమామిడితోటలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి ఆ తోటలను ఊడ్చివేసినది. మేము పోవునప్పటికి ఎనిమిది మాసములైనది. లక్షలకొలది చెట్లు పోయినచోట మొండెములు నిలిచియున్నవి. ఒక రైతు మమ్ము దారిలో చూచి రాత్రికి తన యింట ఉండుడని పిలిచెను. ఇంటికి సగము పెంకు, సగము టార్పాలిను. లోనికి పిలిచినతోడనే ఆయన ముఖము చిన్నబోయినది. “మాస్టారూ, నాలుగు దుప్పట్లున్నాయి, ఆరుగురం ఉన్నాం. మీకేటిచ్చేది” అనెను.

మా చుట్టలు ముందు పెట్టితిమి. ఆయన చూచి, ఒక్కక్షణ మూరకుండి, నవ్వెను. ఆ నవ్వుతో ఇంటిలో వారందఱకు ప్రాణము లేచివచ్చినది. చోడి అంబలి పోసిరి, ఉల్లిపాయ నంజుకొంటిమి. అరుగుమీద మా చాపలు మేము పఱచుకొంటిమి. అర్ధరాత్రి దాక ఆయన తన చెట్ల సంగతి చెప్పుచునే యుండెను. క్రొత్తమొక్క కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టునట; అందాక కుఱ్ఱవాడు విశాఖపట్టణమునకు కూలికి పోయినాడట. దుప్పటి అడుగవలసిన అతిథులమైయున్నచో ఆయన మాతో అంతసేపు నిశ్చింతగా కూర్చుండెడివాడు కాడు.

విదేశములోనున్న నా శిష్యుడొకడు చెప్పిన సంగతి. స్పెయినులో సాంతియాగో అను క్రైస్తవక్షేత్రమునకు వేయేండ్లకు పైగా యాత్రికులు నడచుచున్నారు. ఫ్రాన్సు సరిహద్దునుండి పోవు దారి ఇంచుమించు 780 కిలోమీటరులు. యాత్రికసత్రములలో మంచమిత్తురు, కప్పుకొనునది ఎవరిది వారు తెచ్చుకొనుట అక్కడ వాడుక. నల్లుల బాధ అక్కడను కలదట. మొత్తము మోత శరీరపు బరువులో పదియవవంతు మించరాదని వారి లెక్క. నేను అఱువది కిలోల మనిషిని. పక్కచుట్టకు మూడున్నర పోగా తక్కిన సర్వస్వమునకును రెండున్నర మిగులును. సరిపోయినది.

కాని ఆ లెక్కను నేను తప్పితినని ఒప్పుకొనవలెను. నా చుట్టలో రెండవ బొంత ఒకటి యుండెను, క్రొత్తది, వీశెడు బరువు. ఇచ్ఛాపురము దాటిన పిదప ఆ పల్లెకు పోయి వెదకితిని. సత్రమున్నచోట దుకాణములున్నవి. ముసలమ్మ ఉండదని నాకు తెలియును, ముప్పదియైదేండ్లైనది. మనుమడైనను దొరకునని ఆశ. అడిగితిని. పేరు ఆనాడు నేనడిగియుండలేదు గనుక ఎవరికిని చెప్పజాలనైతిని. వర్తకమిత్రులు తమ తలగడను, నా బొంతను మార్చి మార్చి చూచి, ఏమియు అనక ముందు నడచిరి.

ఫాని తుపాను మే 3న పూరీని కొట్టి అప్పటికి రెండు మాసములు. దారిలో పడిన చెట్లు ఇంకను పడియేయున్నవి. బసలన్నియు క్రిక్కిఱిసియున్నవి. ఒక అరుగు దొరకినది. రథము కదలుట చూచితిమి.

ఆ రెండవ బొంత ఇప్పుడు మా యింట మేకునకు తగిలించియున్నది. వచ్చు జ్యేష్ఠపూర్ణిమ తరువాత మరల పోవలెనని యున్నది. మోకాళ్లు ఒప్పుకొన్నచో దానిని ఈసారియు చుట్టలో పెట్టెదను.

నాకిచ్చిన సమయమైనది. సెలవు.