మనుష్యులకు ముద్రలు



మహాభారతమునందు ఆదిపర్వములోని కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టము అందరు నెరిగినదే. అర్జునుడు చూపిన విద్యల నెల్ల కర్ణుడును చూపి, ద్వంద్వయుద్ధమునకు నిలిచెను. అంతట కృపాచార్యుడు అతని తల్లిదండ్రుల పేర్లు, వంశము అడిగెను. కర్ణుడు తల వంచుకొనెను. అంతవరకు సభ చూచినది అతని విలువిద్యను. అటుపిమ్మట చూచినది సూతపుత్రుడను పేరును. దుర్యోధనుడు అంగరాజ్య మిచ్చినను ఆ పేరు అతనిని వీడలేదు.

కుల మడుగుట యింకను మానని లోకమున, బుద్ధిని, స్వభావమును కొలుచు పరీక్షలు క్రొత్తగ పుట్టినవి.

1905లో ఫ్రాన్సు దేశమున ఆల్‌ఫ్రెడ్ బినే అను పండితుడు, సిమోన్ అను వైద్యునితో కూడి, బాలుర బుద్ధిని పరీక్షించు ప్రశ్నావళిని కూర్చెను. చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి, వారికి ప్రత్యేకముగ చదువు చెప్పించుటయే దాని ఉద్దేశము. బుద్ధి పుట్టుకతో వచ్చినంతయే గాని పెరుగదన్న వాదమును బినే ఖండించెను. కాని ఆ కొలబద్ద సముద్రము దాటి అమెరికా చేరి వేరు పనికి వచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆ దేశపు సైన్యమున సుమారు 17 లక్షల మందికి ఇట్టి పరీక్షలు పెట్టిరి. చదువురాని వారికి బొమ్మలు చూపి, అందు లోపించిన దానిని గీయుమనిరి. ఒక బొమ్మలో టెన్నిసు ఆటస్థలము కలదు; నడుమ వల లేదు. ఆ ఆటను కంటితో చూచి యెరుగని సేద్యగాడు వలను గీయలేకపోయినచో, లోపము అతని బుద్ధిదా, ఆ ప్రశ్నదా?

1923లో కార్ల్ బ్రిగ్‌హామ్ అను ఆచార్యుడు ఆ మార్కులను బట్టి, దక్షిణ, తూర్పు ఐరోపా ప్రజలు బుద్ధిలో తక్కువవారని గ్రంథము వ్రాసెను. 1924లో ఆ ప్రాంతములవారి వలసను మిక్కిలి తగ్గించు శాసనము వచ్చెను. దానికి ఇతర కారణములును కలవు. అయినను ఇట్టి గ్రంథములు ఆ ద్వేషమునకు శాస్త్రమను పేరు తొడిగినవి. 1930లో బ్రిగ్‌హామే తన నిర్ణయము నిరాధారమని ఒప్పుకొనెను. పండితుడు మాటను వెనుకకు తీసికొనెను. దేశములను బట్టి వలసకు కట్టిన ఆ లెక్క మాత్రము 1965 వరకు రద్దు కాలేదు.

స్వభావ పరీక్షల కథయు ఇట్టిదే. 1921లో యూంగ్ అను స్విట్జర్లాండు మనోవైద్యుడు వ్రాసిన గ్రంథము ఆధారముగ, అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ మనుష్యులను 16 తెగలుగ విభజించు ప్రశ్నావళిని కూర్చిరి. మనుష్యులు ఒకరి నొకరు గ్రహింపవలెనన్నదే వారి కోరిక. నేడు అనేక ఉద్యోగస్థలములలో యువజనులు నాలుగక్షరములతో తమ్ము తాము చెప్పుకొనుచున్నారు. అదే మనుష్యుడు కొన్ని వారముల పిమ్మట మరల పరీక్షకు కూర్చుండిన, వేరొక తెగలో తేలుట కద్దు. అయినను ఒకనికి అంతర్ముఖుడను పేరు పడినచో, అతనిని పలుకరించువారు తగ్గుదురు. పలుకరించువారు లేక అతడు మౌనియగును. అప్పుడు పరీక్ష నిజమే చెప్పినదందురు!

ఇట్టి విభజన భారతీయులకు క్రొత్త కాదు. భగవద్గీత పదునాలుగవ అధ్యాయము సత్త్వరజస్తమో గుణములను వివరించినది. అయితే ఒక్కొకప్పుడు ఒక్కొక గుణము తక్కిన రెంటిని అణచి పైకి వచ్చునని కూడ చెప్పినది. పొరుగువానిని తామసుడని నిందించువాడు, ఆ ఘడియలో తనయందు ఏ గుణము పైకి వచ్చెనో చూచుకొనవలెను.

రెవెన్యూ లెక్కలలో భూమికి తరము కట్టెడివారు. శిస్తుకొరకు అది అవసరమై యుండెను. కాని తరము తక్కువ చేనికి చెరువుమట్టి తోలి, ఎరువు వేసి, మంచి పంట తీసిన రైతులు ఊరూర కలరు. లెక్కలోని తరము మారలేదు, నేల మారినది.

గ్రంథాలయమునందును ప్రతి పుస్తకమునకు ఒక చీటి అంటింతురు. అది పుస్తకమును పాఠకుని చేతికి చేర్చుటకే గాని, చదువుట మానిపించుటకు కాదు. చీటి చూచి పుస్తకమును త్రోసివేయువాడు పాఠకుడు కాడు. ఇరువదియైదేండ్లుగ పుస్తకములకు చూపిన ఆ ఓర్పును, పొరుగింటి మనుష్యునికిని, పొరుగు వాడ మనుష్యునికిని చూపినచో ఈ రజతోత్సవము సార్థకమగును.