ల్యాప్‌టాప్‌లో నడిచింది, సర్వర్‌లో ఎందుకు ఆగింది?

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పార్సిల్ కౌంటర్ చూశారు కదా? మెసేజ్ బ్రోకర్ కూడా అంతే. ఒక ప్రోగ్రామ్ ఇచ్చిన మెసేజ్‌ని ఇంకోటి వచ్చి తీసుకునేదాకా దాస్తుంది. కౌంటర్‌కి రిజిస్టర్ ఎలాగో, దీనికి డేటాబేస్ అలాగ.

నా మొదటి ఉద్యోగంలో యాక్టివ్‌ఎంక్యూకి మైఎస్‌క్యూఎల్ తగిలించాం. బ్రోకర్ తన టేబుల్ పేరు పెద్ద అక్షరాల్లో పెట్టుకుంది. పెండింగ్ మెసేజ్‌ల లెక్క కోసం నేను చిన్న అక్షరాల్లో క్వెరీ రాశాను. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో సూపర్! లైనక్స్ సర్వర్‌లో మాత్రం 'అలాంటి టేబుల్ లేదు' అంది. ఆ రాత్రి జాగారమే.

మామూలుగా లైనక్స్‌లో మైఎస్‌క్యూఎల్‌కి పెద్ద, చిన్న అక్షరాల టేబుల్ పేర్లు వేరు, విండోస్‌లో ఒకటే. మైఎస్‌క్యూఎల్ 8లో ఈ సెట్టింగ్ డేటాబేస్ సర్వర్‌ని మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే పెట్టాలి, తర్వాత మార్చనివ్వదు.

అందుకే వెర్షన్ సరిపోయిందని ఊరుకోకండి. సర్వర్‌లో ఏ ఓఎస్ ఉందో దానిమీదే టెస్ట్ చెయ్యండి. ఉంటాను మరి!