చేయి చొరని చోట మరమ్మతు



నేటి మోటారుబండ్లలో ఇంజను తిరుగు తీరును కనిపెట్టి, ఆ సంగతిని బండిలోని కంప్యూటరునకు తెలియజేయు చిన్న సాధనములు కలవు. వీనిని సెన్సారులందురు. ఆ సంగతి అందనిచో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టింపవలెనో కంప్యూటరునకు తెలియదు, ఇంజను ఆగిపోవును. అట్టి సెన్సారు నొకదానిని, చేయి చొరని చోటనుండి తీసి, ఇంటివద్దనే మార్చిన విధమును ఈ సాయంకాలము మీకు మనవి చేసెదను.

ఆ బండి జపానుదేశపు మాజ్డా ఎం.ఎక్స్-5 అను స్పోర్ట్సుకారు. ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనమున మొదటిసారి చూపబడినది. అమెరికావారు దీనిని మియాటా అందురు. 1997 వరకు తయారైన మొదటి తరము బండ్లను గూర్చియే నేను చెప్పుచున్నాను. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న నా మేనల్లుడు ఇట్టి పాతబండి నొకదానిని కొనియుండెను. పనికి పోవుటకు అతనికి వేరు వాహనము లేదు.

ఆ ఇంజను వేడెక్కినప్పుడు ఆగిపోవుచు, చల్లారిన పిమ్మట మరల నడచుచుండెను. వెనుకప్రక్క నూనెయు కారుచుండెను. ముప్పదియేండ్లు వేడికి ఉడికిన వస్తువులు చెడుట వింత కాదు. ఒక మరమ్మతుశాలవారు గేరుపెట్టెను దింపి, క్రాంకుషాఫ్టు వెనుకటి సీలు మార్చవలెననిరి. అందుల కగు ఖర్చు బండి కొన్న ధరకు ఇంచుమించు సమానము. అమ్మివేయుదునని అతడనెను.

నే నప్పుడచ్చటనే యుంటిని. విప్పుటకు ముందు వెదకుట మేలని, ఇంజను వెనుకభాగమును గుడ్డతో తుడిచి, కొంతసేపు నడిపి ఆపి, దీపమును చిన్న అద్దమును పట్టి చూచితిమి. నూనె పైనుండి దిగుచుండెను. ఇంజను తల వెనుక, మనుష్యులు కూర్చుండు భాగపు గోడకు చేరువగా, క్యాంషాఫ్టు చివర నొక సెన్సారు కలదు. దాని చుట్టునున్న రబ్బరు వలయము గట్టిపడినందున అచ్చటినుండి నూనె క్రిందికి జారి, గేరుపెట్టె మొదటికి చేరి, లోపలి సీలు పోయిన భ్రమను కలిగించుచుండెను. ఇంజను ఆగినప్పుడు ప్లగ్గులకు నిప్పురవ్వ రాకుండుట చూచి, తీగెలను పరీక్షించి, సెన్సారే చెడినదని నిశ్చయించితిమి.

పని చల్లని ఇంజనుమీదనే చేయవలెను. ఈ బండిలో బ్యాటరీ వెనుక సామాను అరలో నుండును. మొదట దాని మైనసు తీగెను విప్పితిమి. పిమ్మట సెన్సారుమీదను ఇంజనుతలమీదను కలియునట్లు ఒక గీత గీసితిమి. సెన్సారు ఏ కొంచెము తిరిగినను నిప్పు పుట్టు వేళ మారును. వేళ మిక్కిలి ముందైనచో ఇంజను లోపల కొట్టుకొని పిస్టనులు చెడును; వెనుకైనచో బలము తగ్గి వేడి హెచ్చును.

దానిని పట్టియుంచునది 12 మిల్లీమీటర్ల తలగల బోల్టు ఒక్కటే. కాని కంటికి కానరాదు. అందుచే అడ్డముగా నున్న ఇగ్నిషను కాయిలును ముందు తీసితిమి. మేనల్లుడు వ్రేలితో బోల్టుతలను తడవి తెలిసికొని, స్పానరును కొంచెము కొంచెముగా త్రిప్పెను. తొందరపడి బలము చూపినచో తల అరిగి, చిన్నపని నిజముగానే పెద్దపని యగును.

సెన్సారు నాలుక నడుమ గాక ఒకప్రక్కకు జరిగియుండును. కావున క్యాంషాఫ్టులో ఒకే విధముగా కూర్చుండును. క్రొత్త వలయమునకు నూనె పూసి, పాత గీతను క్రొత్తదానిమీది కెక్కించి అమర్చితిమి. అయినను క్రొత్త వస్తువునకు పాత గీత తుదిప్రమాణము కాదు. తీగెలన్నియు మరల తగిల్చి, ఇంజను వేడెక్కిన పిదప, పరీక్షపెట్టెలో టి.ఇ.ఎన్., జి.ఎన్.డి. అను రెండు స్థానములను తీగెతో కలిపి, టైమింగు దీపమును మొదటి ప్లగ్గు తీగెకు తగిల్చితిమి. ముందరి కప్పీమీది గుర్తు 10 డిగ్రీలవద్ద నిలుచువరకు సెన్సారును సర్ది, అప్పుడు గట్టిగా బిగించితిమి. గేరుపెట్టెను దింపనక్కర లేకపోయెను. బండి నమ్మనక్కరయు లేకపోయెను.

మీ గ్రామములలోను పంపుసెట్లు, ట్రాక్టరులు కలవు. కుఱ్ఱవాండ్రు వానిని విప్పబోవునప్పుడు రెండు మాటలడుగుడు: చెడినది ఎచ్చటనో కంటితో చూచితివా? మరల బిగించుటకు గుర్తు పెట్టితివా? ఈ రెండింటికి బదులు చెప్పిన పిదపనే వారి చేతికి స్పానరు నిండు.