స్టార్టర్ డబ్బాకు ఏ వైరు వేయాలి?

 

ఈ రోజు మనం బోరు మోటారు స్టార్టర్ డబ్బా గురించి మాట్లాడుకుందాం. "అది మగవాళ్ల పని, మాకెందుకు?" అనుకోవద్దు. మన పత్తికొండ చేలల్లో టమోటాకు నీళ్లు కట్టేది ఎవరు? చాలా ఇండ్లల్లో మనమే. కరెంటు రాగానే పోయి బటన్ నొక్కేది ఎవరు? అదీ మనమే. నొక్కే చెయ్యి మనది. అందుకే ఆ డబ్బాలో ఏ వైరు ఉందో మనకు తెలియాలి.

2004లో మన రాష్ట్రంలో సేద్యం కరెంటు ఉచితం చేశారు. కరెంటు ఉచితమే. మరి మోటారు కాలితే? వైండింగుకు డబ్బు మనమే పెట్టాలి. ఆ నాలుగు రోజులూ పైరు ఎండాలి. మనిషికి షాకు కొడితే, ఆ నష్టం ఏ డబ్బుతోనూ తీరదు.

డబ్బాలో ఏముంది?

స్తంభం నుంచి 3 ఫేజుల కరెంటు డబ్బాలోకి వస్తుంది. లోపల కాంటాక్టర్ ఉంటుంది. బటన్ నొక్కితే అది మోటారుకు కరెంటు పంపుతుంది. పక్కనే రిలే ఉంటుంది. అది కావలివాడు. మోటారు మితిమీరి కరెంటు లాగితే ఆపేస్తుంది. వీటన్నిటినీ కలిపేది వైరు.

వైరు లావు ఎంత?

సన్న పైపులో ఎక్కువ నీళ్లు పోవు. బలవంతంగా పంపితే పైపు పగులుతుంది. వైరు పగలదు, వేడెక్కుతుంది. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు కరుగుతుంది. లోపలి తీగ బయటపడుతుంది. అది డబ్బా రేకుకు తగిలితే డబ్బా అంతా కరెంటే!

5 హెచ్‌పి మోటారు నడిచేటప్పుడు సుమారు 7, 8 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో దానికి 5, 6 రెట్లు లాగుతుంది. వైరు దీనికి తట్టుకోవాలి.

వైరు లావును ఒక అంకె చెబుతుంది. వైరు చుట్ట మీద చూడండి. 1.5 అని ఉంటే ఒకటిన్నర. 2.5 అని ఉంటే రెండున్నర. తర్వాత 4, 6. ఇది లోపలి తీగ కొలత. చదరపు మిల్లీమీటర్లలో చెబుతారు. పైతొడుగు లావు చూసి మోసపోవద్దు. తొడుగు దళసరిగా ఉండి, లోపల తీగ సన్నగా ఉండొచ్చు. అంకెనే నమ్మండి.

5 హెచ్‌పి మోటారు డబ్బా లోపలికి మామూలుగా రెండున్నర రాగి వైరు సరిపోతుంది. మోటారు పెద్దదైతే వైరు లావు కావాలి.

బోరులోకి దించే కేబుల్ సంగతి వేరు. మన సీమలో బోర్లు లోతు. దూరం పెరిగేకొద్దీ కరెంటు బలం, అంటే వోల్టేజి, తగ్గుతుంది. అప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. కాబట్టి లోతు పెరిగితే కేబుల్ లావు పెరగాలి. మోటారుతో వచ్చే కాగితంలో ఒక పట్టిక ఉంటుంది. ఎన్ని హెచ్‌పికి, ఎంత లోతుకు, ఏ కేబుల్ వేయాలో అందులో ఉంటుంది. ఆ కాగితం పారేయొద్దు. దాచుకోండి.

రాగా, అల్యూమినియమా?

అల్యూమినియం వైరు చౌక. కానీ రాగి రెండున్నర చేసే పనికి అల్యూమినియం 4 కావాలి. అది మెత్తన. స్క్రూ కింద నలిగి వదులవుతుంది. వదులైన చోట నిప్పురవ్వలు వస్తాయి. డబ్బా లోపలికి రాగి వైరే మేలు. అందులోనూ సన్న పోగులు ఉన్న వైరు వేయాలి. అది సులభంగా వంగుతుంది. కొసకు లగ్గు వేసి బిగించాలి. పోగులు ఊరికే మెలిపెట్టి స్క్రూకు చుట్టకూడదు.

గుర్తు చూడండి

వైరు మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. ప్లాస్టిక్ తొడుగు వైర్లకు ఐఎస్ 694 అనే నంబరు ఉంటుంది. గుర్తు కింద సిఎం/ఎల్ అని ఒక లైసెన్సు నంబరు ఉంటుంది. ఇంట్లో పిల్లల దగ్గర స్మార్ట్‌ఫోను ఉంటే, బిఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టమనండి. అసలుదో నకిలీదో తెలుస్తుంది.

రంగులు కూడా గుర్తుంచుకోండి. ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులకు. నలుపు న్యూట్రల్‌కు. ఆకుపచ్చ ఎర్తుకు. ఎర్తు వైరుకు ఆకుపచ్చ మీద పసుపు చార కూడా ఉండొచ్చు. ఒకే రంగు వైర్లు అన్నిటికీ వేస్తే, రిపేరుకు వచ్చినవాడు పొరబడతాడు.

ఎర్తు లేనిదే బటన్ ముట్టొద్దు

డబ్బా ఇనుపది. లోపల వైరు తగిలినా, ఎర్తు బాగుంటే కరెంటు నేలలోకి పోతుంది. ఫ్యూజు కాలుతుంది. ఎర్తు లేకుంటే మన ఒంట్లోంచి పోతుంది. ఎర్తు గుంతలో పైపు పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తారు. ఎండిన నేల కరెంటును సరిగా తీసుకోదు. మన దగ్గర ఎండాకాలం నేల నెర్రెలు ఇస్తుంది కదా! అప్పుడు ఆ గుంతలో నీళ్లు పోస్తుండాలి. పైరుకు కట్టే నీళ్లలో రెండు బిందెలు దానికీ పోయండి.

ఫ్యూజు పోతే లావు రాగి తీగ చుట్టొద్దు. సరైన ఫ్యూజు తీగ తాను కాలి మోటారును కాపాడుతుంది. లావు తీగ కాలదు, మోటారే కాలుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే మనవాళ్లను వేయనీయొద్దు. లైన్‌మన్‌ను పిలవాలి. లేదా 1912కు ఫోను చేయాలి.

తడి చేతితో, ఉత్త కాళ్లతో బటన్ నొక్కొద్దు. ఎవరికైనా షాకు కొడితే వాళ్లను ముట్టొద్దు. ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే ఎండు కట్టెతో వాళ్లను పక్కకు తొయ్యండి.

వైరు బిగించడం మెకానిక్ పని. ఏ వైరు కావాలో అడగడం మన పని. అంగడిలో ఇట్లా అడగండి:

"అన్నా, రెండున్నర రాగి వైరు ఇయ్యి."

"ఇది చౌక, తీసుకోమ్మా. అంతా ఒకటే."

"ఒకటే కాదన్నా. దీని మీద ఒకటిన్నర అని ఉంది. ఐఎస్ఐ గుర్తూ లేదు. గుర్తు ఉన్నది ఇయ్యి. బిల్లు కూడా రాయి."

అక్కలారా, ఈ మాట అనడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అంకె చదవడం వస్తే చాలు. అది మీకు వచ్చింది.

ఇప్పుడు మీ పుస్తకాల్లో రాసుకోండి:

మా మోటారు ఎన్ని హెచ్‌పి?
మా డబ్బాలో వైరు మీద ఏ అంకె ఉంది?
మా డబ్బాకు ఎర్తు ఉందా?

మోటారు రేకు మీద మొదటి జవాబు ఉంటుంది. మిగిలిన రెండూ మెకానిక్ వచ్చినప్పుడు, కరెంటు ఆపించి, దగ్గరుండి చూడండి. మూడో దానికి "లేదు" అని జవాబు వస్తే, మిగతా పనులు ఆపి ముందు ఆ పని చేయించండి.

సెలవు.